శరీరానికి తెలిసిన ‘నేను’

దేహం వేరు, ఆత్మ వేరు అని ఆస్తిక దర్శనకారులు, దేహానికి మించినది ఏదీ లేదని చార్వాకులు, స్థిరమైన ఆత్మ అనేదే లేదని బౌద్ధులు శతాబ్దాల తరబడి వాదించుకున్నారు గాని, దేహం తనంతట తానుగా ‘ఇది నాది, ఇది పరాయిది’ అని ఎలా తేల్చుకుంటుందన్న ప్రశ్న ఆ వాదాల్లో తలెత్తలేదు. తలెత్తడానికి అప్పటికి అవకాశమూ లేదు. ఆ ప్రశ్నను లేవనెత్తినది రోగనిరోధక శాస్త్రం. వైరస్‌లు, బాక్టీరియా, శిలీంధ్రాల బారి నుంచి శరీరాన్ని కాపాడే తెల్ల రక్తకణాలను, ఆ కణాల్లో కొన్ని తయారుచేసే ప్రతిరక్షకాలను, కణానికీ కణానికీ మధ్య కబురు మోసే ప్రోటీన్లను అన్నిటినీ కలిపి రోగనిరోధక వ్యవస్థ అంటారు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ మక్‌ఫార్లేన్ బర్నెట్ గత శతాబ్దం నడుమ ఈ వ్యవస్థ చేసే పనిని స్వ-పర వివేచనగా నిర్వచించినప్పటి నుంచి, తత్త్వశాస్త్రానికి చెందిన ఒక ప్రశ్న ప్రయోగశాలలో ఎలుకల మీద, రోగుల రక్తం మీద పరీక్షకు నిలిచింది. ఆ పరీక్షల ఫలితాలు ఆత్మ ఉన్నదనీ చెప్పవు, లేదనీ చెప్పవు. ఆ పని వాటిది కాదు. అయితే తనకూ పరాయిదానికీ నడుమ ఉన్న హద్దు ప్రకృతి ముందే గీసి ఇచ్చినదనీ, దాన్ని కాపాడుకోవడమే జీవం చేసే పని అనీ ఒక నమ్మకం చాలామంది మనసుల్లో ఉన్నది. ఆ నమ్మకానికి శరీరం సాక్ష్యం పలకదని మాత్రం అవి స్పష్టంగా చూపుతాయి.

మొదట్లో ఆ నమ్మకమే శాస్త్రజ్ఞులది కూడా. జర్మన్ వైద్యశాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిఖ్ 1900 ప్రాంతంలో మేకలకు వేరే మేకల రక్తాన్ని ఎక్కించి చూసినప్పుడు, అవి పరాయి మేక ఎర్రకణాలను కరిగించే ప్రతిరక్షకాలను తయారుచేసుకున్నాయి గాని తమ సొంత ఎర్రకణాల జోలికి పోలేదు. శరీరం తన మీద తానే విషం ప్రయోగించుకోవడానికి సహజంగానే జంకుతుందని ఆయన దీన్నిబట్టి నిర్ణయించారు. అది ఎంత గట్టి నిర్ణయమంటే, 1904 లో వియన్నాలో డోనత్, లాండ్‌స్టైనర్ అనే ఇద్దరు వైద్యులు, చలి తగిలితే చాలు మూత్రం ఎర్రబారిపోయే ఒక జబ్బులో రోగి సొంత ప్రతిరక్షకాలే రోగి ఎర్రకణాలను పగలగొడుతున్నాయని రుజువు చేసినా, అది ఎక్కడో ఒక మినహాయింపుగా పక్కకు నెట్టబడింది. సొంత కణజాలం మీదికి రోగనిరోధక వ్యవస్థ తిరగబడే ఆటోఇమ్యూన్ వ్యాధులు ఉన్నాయని వైద్యలోకం మనస్ఫూర్తిగా ఒప్పుకోవడానికి 1956 లో థైరాయిడ్ గ్రంథి మీద జరిగిన పరిశోధనల దాకా, అంటే అర్ధశతాబ్దం పట్టింది. ‘నేను’ నాకు హాని చేసుకోను అన్న ఊహ మనిషికి ఎంత ప్రియమైనదో చెప్పడానికి ఈ ఆలస్యం చాలు.

ఈలోగా ఆ ఊహకు మరోవైపు నుంచి దెబ్బ తగిలింది. 1945 లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో రే ఓవెన్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు కవల దూడల రక్తాన్ని పరిశీలిస్తూ, వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలలు కూడా ఒకదాని రక్తకణాలను మరొకటి జీవితాంతం తమవిగానే మోస్తున్నాయని కనిపెట్టారు. తల్లి కడుపులో ఉండగా రెండింటి మాయల రక్తనాళాలు కలిసిపోవడం వల్ల అలా జరుగుతుంది. జన్యువులను బట్టి చూస్తే ఆ కణాలు పరాయివే, అయినా ఆ దూడ శరీరం వాటిని పరాయివిగా ఎంచలేదు. దీని ఆధారంగా బర్నెట్, ఫెన్నర్ 1949 లో, శరీరం తనదేదో పుట్టుకకు ముందు కాలంలో నేర్చుకుంటుందని ప్రతిపాదించారు. 1953 లో ఇంగ్లండులో బిలింగ్‌హామ్, బ్రెంట్, మెడావర్ కడుపులో ఉన్న ఎలుక పిల్లలకు వేరే జాతి ఎలుక కణాలను ఎక్కించి, అవి పెరిగి పెద్దయ్యాక ఆ జాతి ఎలుక చర్మాన్ని అతికిస్తే తిరస్కరించకుండా నిలుపుకున్నాయని చూపి ఆ ప్రతిపాదనను నిలబెట్టారు. బర్నెట్, మెడావర్‌లకు 1960 లో నోబెల్ బహుమతి వచ్చింది ఈ పనికే. తనదన్న ఎరుక వంశపారంపర్యంగా వచ్చే ఆస్తి కాదని, తగిన వేళకు తగిన పరిచయం దొరికితే పరాయిదీ తనదైపోతుందని అప్పుడు తేలింది.

ఆ నేర్చుకోవడం జరిగే తావుల్లో ముఖ్యమైనది రొమ్ము ఎముక వెనుక, గుండెకు కాస్త పైన ఉండే థైమస్ అనే చిన్న గ్రంథి. ఎముక మజ్జలో పుట్టిన కణాలు ఇక్కడికి వచ్చి, వైరస్ సోకిన కణాలను పసిగట్టే టి-కణాలుగా తయారవుతాయి. ప్రతి టి-కణమూ తన పైపొర మీద ఉండే గ్రాహకాన్ని, అంటే ఎదుటి అణువును తాకి గుర్తుపట్టే ప్రోటీన్‌ను, జన్యు ముక్కలను యాదృచ్ఛికంగా కలిపి కూర్చుకుంటుంది కాబట్టి, వాటిలో ఏది ఏ వైరస్‌కు సరిపోతుందో, ఏది సొంత కాలేయానికో క్లోమానికో సరిపోయి దాన్నే కాటు వేస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. అందుకని థైమస్‌లోని కొన్ని కణాలు ఎయిర్ అనే జన్యువు సాయంతో ఒక విచిత్రమైన పని చేస్తాయి. క్లోమం మాత్రమే తయారుచేయవలసిన ఇన్సులిన్ వంటివాటిని, ఇంకా ఎన్నో దూర అవయవాల ప్రోటీన్లను కొద్దికొద్దిగా తామే తయారుచేసి, ఎదుగుతున్న టి-కణాల ముందు పెడతాయి. వాటిని గట్టిగా పట్టుకున్న టి-కణాల్లో అధిక భాగం అక్కడే చనిపోతుంది, కొన్ని మాత్రం కాపలా పనికి మళ్లించబడతాయి. ఏదీ పట్టుకోలేనివి కూడా నిలవవు. థైమస్‌లోకి వచ్చిన కణాల్లో నూటికి తొంభైకి పైగా బయటికి రాకుండానే అంతరిస్తాయి. ఎయిర్ జన్యువు పాడైన పిల్లల్లో ఈ పాఠం సరిగా సాగక, హార్మోన్ గ్రంథులు ఒకటి తర్వాత ఒకటి సొంత రక్షకుల చేతిలోనే దెబ్బతింటాయి.

ఇంత జల్లెడ పట్టిన తర్వాత కూడా హాని ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు వైరస్ పరిశోధన ఇచ్చిన జవాబు అందరూ అనుకునేదానికి భిన్నంగా ఉన్నది. లింఫోసైటిక్ కోరియోమెనింజైటిస్ అనే పొడవైన పేరు గల వైరస్ ఒకటి ఎలుకల్లో మెదడు పొరలను పట్టుకుంటుంది. ఎదిగిన ఎలుక మెదడులోకి దాన్ని ఎక్కిస్తే వారం పది రోజుల్లో ఎలుక వణుకుతూ, మూర్ఛలు పోతూ చచ్చిపోతుంది. అదే ఎలుకకు ముందుగా ఎక్స్‌కిరణాలు ప్రసరింపజేసి రోగనిరోధక కణాలను అణచివేస్తే, వైరస్ యథేచ్ఛగా పెరిగినా ఎలుక బతికిపోతుంది. అలా బతికిన ఎలుకలోకి, ఆ వైరస్‌ను ఎదుర్కోవడం నేర్చుకున్న మరో ఎలుక టి-కణాలను ఎక్కిస్తే మళ్లీ చావు తప్పదు. ఎలుకను చంపినది వైరస్ కాదు, వైరస్ మీదికి దూకిన రక్షణ. తల్లి కడుపులోనే ఈ వైరస్ సోకిన ఎలుక పిల్లలు దాన్ని జీవితాంతం మోస్తూ ఆ మెదడు జబ్బుకు లోనుకాకుండా తిరుగుతాయి. కానీ ఆ సహవాసం కూడా ఉచితంగా దొరకదు. ప్రతిరక్షకాలు, వైరస్ ముక్కలు జతకట్టి కాలం గడిచే కొద్దీ మూత్రపిండాల్లో పేరుకుని వాటిని పాడుచేయడం తర్వాతి పరిశోధనల్లో బయటపడింది.

ఇది ఎలుకలకు పరిమితమైన సంగతి కాదు. మనుషుల్లో హెపటైటిస్-బి వైరస్ కాలేయ కణంలో కాపురం పెట్టినంత మాత్రాన ఆ కణం చావదు. దాన్ని తుడిచిపెట్టాలని వచ్చే టి-కణాల దాడిలోనే కాలేయం ఎక్కువగా దెబ్బతింటుంది. గాయం దగ్గర కనిపించే ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు లక్షణాలను రోమన్ రచయిత సెల్సస్ క్రీ.శ. 1వ శతాబ్దంలోనే నమోదు చేశారు. గాయం తగిలిన చోటికి రక్తాన్ని, కణాలను రప్పించే ఈ ప్రతిక్రియను శోథం అంటారు. గాయం మానడానికి శోథం అవసరమే, కానీ అది ఆగవలసిన చోట ఆగకపోతే అదే జబ్బు. కోవిడ్ కాలంలో ఈ సంగతి ప్రపంచానికంతటికీ తెలిసివచ్చింది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే పరీక్ష ఫలితాలు 2020 జూన్‌లో వెలువడినప్పుడు, శోథాన్ని అణచే డెక్సామెథసోన్ అనే పాత, చవక మందు వెంటిలేటర్ మీద ఉన్న రోగుల్లో మరణాలను దాదాపు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో దాదాపు ఐదో వంతు తగ్గించిందని తేలింది. ఆక్సిజన్ అవసరం లేని రోగుల్లో ఆ మందు వల్ల మేలు కనిపించలేదు. అదే సంవత్సరం మరో పరిశోధన, ప్రాణాపాయ స్థితికి చేరిన కోవిడ్ రోగుల్లో కనీసం నూటికి పదిమంది, వైరస్‌ను తొలి గడియల్లోనే నిలువరించవలసిన ఇంటర్‌ఫెరాన్ అనే సొంత ప్రోటీన్‌ను నిర్వీర్యం చేసే ప్రతిరక్షకాలను తమ రక్తంలోనే కలిగి ఉన్నారని చూపింది. రక్షణ మితిమీరి కొందరు చనిపోతే, రక్షణను రక్షణే కాళ్లు విరిచి మరికొందరు చనిపోయారు. కాబట్టి రోగనిరోధక శక్తి ఎంత ఎక్కువైతే అంత మంచిదని, దాన్ని ‘పెంచుతాం’ అని ఊరూరా అమ్ముడుపోయిన పొడులు, కషాయాల ప్రచారం వెనుక ఉన్న ఆలోచనే తప్పు.

ఇటువంటి రోగంలో కారణం ఎవరిది? వైరస్ లేకపోతే దాడి లేదు. దాడి లేకపోతే జబ్బు లేదు. దాడి చేసిన కణం శరీరానిదే. దోషాన్ని ఒక్క వస్తువు మీద పెట్టి, అది బయటిదో లోపలిదో తేల్చాలని చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఈ చిక్కును ఆలోచించడానికి క్రీ.శ. 2వ శతాబ్ది ప్రాంతపు బౌద్ధ దార్శనికుడు, సంప్రదాయం కృష్ణా తీరపు నాగార్జునకొండతో ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడు వాడిన పద్ధతి ఆశ్చర్యకరంగా ఉపకరిస్తుంది. మూలమధ్యమకకారిక పదో ప్రకరణంలో ఆయన అగ్నిని, ఇంధనాన్ని పరీక్షిస్తాడు. ఆ రెండూ ఒకటే అయితే కాల్చేదీ కాలేదీ ఒకటైపోతాయి. వేర్వేరు అయితే ఇంధనం లేకుండా నిప్పు ఎల్లకాలం మండుతుండాలి. రెండూ కుదరవు కాబట్టి, ఒకదాన్ని ఆశ్రయించి మరొకటి ఉన్నదని తప్ప దేనికదిగా ఉన్నదని చెప్పలేమంటాడు, ఆ మాటనే ఆత్మకూ అది తనవిగా పట్టుకున్న దేహేంద్రియాలకూ వర్తింపజేస్తాడు. దీన్ని ప్రతీత్యసముత్పాదం అంటారు: ఏదైనా కారణ సామగ్రిని ఆశ్రయించి పుడుతుంది గాని తన సొంత స్వభావంతో నిలిచి ఉండదు.

ఆ తార్కికుడి ఊహకు చాలా దగ్గరగా వచ్చిన ప్రయోగం ఒకటి 1973 లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో జరిగింది. రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీ పైన చెప్పిన ఎలుకల వైరస్‌నే తీసుకుని, ఆ వైరస్‌ను ఎదుర్కోవడం నేర్చిన టి-కణాలను గాజు పాత్రలో వైరస్ సోకిన కణాలతో కలిపి చూశారు. సోకిన కణాలు అదే జాతి ఎలుకవైతే టి-కణాలు వాటిని చంపాయి. వేరే జాతి ఎలుకవైతే, లోపల ఉన్నది అదే వైరస్ అయినా, వాటిని ఊరికే వదిలేశాయి. దాదాపు ప్రతి కణమూ తనలో తయారవుతున్న ప్రోటీన్ల ముక్కలను పైపొర మీది ప్రత్యేకమైన అణువుల్లో అమర్చి బయటికి చూపుతుంది. ఆ అణువులు వ్యక్తికీ వ్యక్తికీ మారుతుంటాయి. టి-కణం గుర్తుపట్టేది ఆ సొంత అణువునూ అందులో అమరిన వైరస్ ముక్కనూ కలిపి, అంతే గాని వైరస్‌ను విడిగా కాదు. మరోలా చెప్పాలంటే, టి-కణానికి ‘పర’ ఎన్నడూ ఒంటరిగా కనిపించదు. ‘స్వ’లో వచ్చిన మార్పుగానే కనిపిస్తుంది. ఈ పరిశోధనకు వారిద్దరికీ 1996 లో నోబెల్ బహుమతి లభించింది. శత్రువు సరిహద్దు బయట నిలబడి ఉంటాడని, కాపలావాడు అతణ్ణి ముఖం చూసి పోల్చుకుంటాడని అనుకున్న పాత చిత్రం ఈ ఒక్క ప్రయోగంతో కూలిపోయింది.

ఇక్కడ అద్వైతి ఒక అభ్యంతరం చెబుతాడు, అది తేలిగ్గా తీసివేయదగినది కాదు. బ్రహ్మసూత్ర భాష్యానికి ఉపోద్ఘాతంగా శంకరాచార్యులు రాసిన అధ్యాస భాష్యం, తెలుసుకునే ‘నేను’కూ తెలియబడే విషయానికీ చీకటి వెలుగులకు ఉన్నంత విరోధం ఉన్నదని, అయినా లోకులు ఒకదాని ధర్మాలను మరొకదాని మీద ఆరోపించుకుని ‘నేను లావుగా ఉన్నాను’, ‘నేను నడుస్తున్నాను’ అనుకుంటారని వివరిస్తుంది. ఒకదాని మీద లేనిదాన్ని ఉన్నట్టు చూడడమే అధ్యాస. ఆ దృష్టితో చూస్తే థైమస్, టి-కణం, ప్రతిరక్షకం అన్నీ తెలియబడే కోవలోనివే. వాటికి ‘స్వ’ అని పేరు పెట్టినంత మాత్రాన అవి సాక్షి అయిన ఆత్మకు దగ్గర కావు, వాటిలో వచ్చే తారుమారులు ఆత్మను తాకవు. ఈ అభ్యంతరం న్యాయమైనదే. అయితే దాన్ని చివరిదాకా తీసుకుపోతే అద్వైతికీ ఒక లాభం ఉన్నది: దేహంలో ‘నాది’ అని గట్టిగా పట్టుకోదగిన కేంద్రం ఏదీ లేదని, అక్కడ ఉన్నదంతా ఆరోపణ, అలవాటు, సవరణ అని దేహశాస్త్రమే ఒప్పుకుంటున్నది కాబట్టి, దేహమే ‘నేను’ అనే బుద్ధికి దేహంలోనే ఆసరా లేకుండా పోతున్నది. బౌద్ధుడూ అద్వైతీ ఆత్మ విషయంలో కలవరు, కలవనక్కరలేదు. దేహాత్మబుద్ధిని వదలమనడంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

హద్దు ఎంత పలచనిదో వంశచరిత్ర మరింత గట్టిగా చెబుతుంది. మానవ జన్యుపదార్థంలో సుమారు 8 శాతం, ఏనాడో పూర్వ జీవుల బీజకణాల్లో చొరబడి వంశపారంపర్యంగా మిగిలిపోయిన రెట్రోవైరస్‌ల శేషం. వాటిలో ఎక్కువ భాగం శిథిలాలే గాని, కొన్ని నేటికీ పని చేస్తున్నాయి. వైరస్ తన పొరను ఆతిథేయ కణం పొరతో కలిపివేయడానికి వాడుకునే ప్రోటీన్ ఒకటి సిన్సిటిన్ అనే పేరుతో మానవ మాయలో తయారవుతుందని, అక్కడి కణాలను ఒకదానితో ఒకటి కలిపి తల్లికీ బిడ్డకూ నడుమ పోషకాలు మార్పిడి చేసే పొరను అల్లడంలో తోడ్పడుతుందని 2000 సంవత్సరంలో తెలిసింది. బిడ్డ జన్యువుల్లో సగం తండ్రివి కాబట్టి తల్లి శరీరం లెక్క ప్రకారం ఆ బిడ్డను పరాయి అవయవంగా తిరస్కరించాలి. అలా ఎందుకు జరగదని మెడావర్ 1953 లోనే అడిగారు. జవాబులో ఒక భాగం, దాడిని నిలిపివేయడమే పనిగా గల నియంత్రక టి-కణాలది. షిమోన్ సకగుచి 1995 లో జపాన్‌లో వాటిని గుర్తించారు. వాటికి ఆయువుపట్టు అయిన ఫాక్స్‌పి3 జన్యువును మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001 లో కనిపెట్టారు. ముగ్గురికీ కలిపి 2025 నోబెల్ బహుమతి వచ్చింది. ఆ జన్యువు చెడిన మగశిశువులకు పసితనంలోనే పేగులు, చర్మం, క్లోమం ఒకేసారి సొంత కణాల దాడికి గురవుతాయి. ఊరుకోవడం అంటే ఏమీ చేయకపోవడమని లోకం అనుకుంటుంది. దేహంలో ఊరుకోవడం అనేది ప్రత్యేకమైన కణాలు, ప్రత్యేకమైన జన్యువు, క్షణక్షణం ఖర్చయ్యే శక్తి అవసరమైన పని.

దీన్ని చూసి మన పూర్వులు రోగనిరోధక శాస్త్రం ముందే చెప్పారని చాటుకోవడం తగదు. నాగార్జునుడికి టి-కణం తెలియదు, శంకరులకు వైరస్ తెలియదు. వారి తర్కం గొప్పతనానికి ఆ ధ్రువపత్రం అక్కరలేదు. అంతకన్నా ప్రమాదకరమైనది, సమాజాన్ని శరీరంతో పోల్చి, అందులో ఒక కులాన్నో మతాన్నో భాషనో ‘పరాయి పదార్థం’గా, వ్యాధికారకంగా వర్ణించి, దాన్ని విసర్జించడం జీవధర్మమని నమ్మించడం. ఇరవయ్యో శతాబ్దపు ఐరోపాలో నాజీలు యూదులను క్రిములతో పోల్చి ఏం చేశారో అందరికీ తెలుసు. నిజమైన శరీరం అలా ప్రవర్తించదు: పేగుల్లో కోటానుకోట్ల బాక్టీరియాను పోషించుకుంటుంది, తల్లి రక్తంలో బిడ్డ కణాలు దశాబ్దాల పాటు బతుకుతాయి, ఒకనాటి వైరస్ ముక్క లేనిదే బిడ్డకు మాయ సరిగా ఏర్పడదు. పరాయిదాన్నల్లా తరిమే శరీరం ఆరోగ్యవంతమైనది కాదు. పోలిక తెచ్చేవారు శరీరాన్ని సరిగా చూసి తేవాలి.

మితిమీరిన రక్షణను ఊరుకోబెట్టే ఈ మార్గంలోనే వైద్యం కూడా చాలాకాలంగా నడుస్తున్నది. చేతివేళ్ల కీళ్లు వాచి, వంకరపోయి, తెల్లవారి లేవగానే పిడికిలి మూయలేని స్థితికి తెచ్చే రుమటాయిడ్ కీళ్లవాతంలో శోథాన్ని తగ్గించడానికి నేటికీ వైద్యులు ముందుగా రాసే మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895 లో పుట్టి, యౌవనంలో రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యసించాలని తలపోసిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధన బృందం నుంచి ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కృత్రిమ తయారీ, ఆ విటమిన్‌కు అడ్డుపడే ఈ తరహా మందులు రెండూ వచ్చాయి. ఆయన 1948 లో చనిపోయేనాటికి ఈ మందులు పిల్లల రక్త కాన్సర్ చికిత్సలో అప్పుడప్పుడే అడుగుపెడుతున్నాయి. కీళ్లవాతానికి చిన్న మోతాదులో మెథోట్రెక్సేట్ వాడడానికి అమెరికాలో అధికారిక అనుమతి 1988 లో వచ్చింది. రోగి దాన్ని రోజూ కాక వారానికి ఒక్కసారే వేసుకుంటాడు, దాని దుష్ఫలితాలు తగ్గడానికి వారంలో వేరే రోజున ఫోలిక్ ఆమ్లం బిళ్ల కూడా వేసుకుంటాడు.